పెద్దకోడలు డ్యూటీకి రాలేదు

మా పక్కింటి పిన్ని ఎండ గోడెక్కేదాకా బాతుల గూడు తలుపు తీసేది కాదు. కోడి అయితే పెట్టే వేళకు తానే గూటికి వస్తుంది. బాతుకు ఆ పట్టింపు లేదు. తెల్లవారుజామున ఎక్కడుంటే అక్కడే, నీళ్ళలో ఉంటే నీళ్ళలోనే గుడ్డు వదిలేసి తన దారిన తాను పోతుంది. అందుకని గుడ్లన్నీ ఏరుకున్నాకే వాటిని పెరటి వెనక కాలవలోకి తోలేది.

బాబాయి ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా చేసి రిటైరైన మనిషి. ఈమధ్య మాట తడబడుతోంది. ఒకరోజు కన్నకూతుర్నే ఎవరమ్మా నువ్వు అని అడిగాడు. ఇక ఇంట్లో ఉంచుకోవడం నీ వల్ల కాదు, ఆశ్రమంలో చేర్పిద్దామని ఆ పిల్ల పట్టుబట్టింది. పిన్ని ఒప్పుకుంటేగా!

"రాత్రి ప్రతి తలుపూ చూసి గొళ్ళెం వేసే మనిషికి మతి పోయిందంటే ఎలా నమ్మనే?" అని నన్నడిగింది. నేను తలూపాను. పిన్నితో వాదించి గెలిచినవాళ్ళు మా వీధిలో లేరు.

సరిగ్గా అప్పుడే బాతులు గుడ్లు మానేశాయి. ఈకలు రాల్చే కాలమా అంటే, దొడ్లో ఒక్క ఈక లేదు. పిన్ని తవుడు మార్చింది, నత్తలు ఏరి తెచ్చి పెట్టింది. పామంది, ముంగిసంది, ఒక పూట నావైపు కూడా అదోలా చూసింది. పొద్దున్నే గూడంతా తడిగా ఉంటే, తొట్టి ఒలకబోసుకున్నాయని బాతుల్ని తిట్టిపోసింది. గొళ్ళెం మాత్రం రోజూ వేసింది వేసినట్టే ఉండేది.

చివరికి కోపమంతా ముసలి బాతు మీద పడింది. అది ముందు నడిస్తేగాని మిగతావి కదలవు. అందుకే బాబాయి దానికి పెద్దకోడలని పేరు పెట్టాడు. పిన్ని దాని తోక కింద ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూసింది. ఎడం బాగానే ఉంది, అంటే ఇంకా పెడుతున్న బాతే. కానీ ఖాళీ గూడు చూసి చూసి తన వేళ్ళనే తాను నమ్మలేకపోయింది. మాంసం కొట్టుకు ఇచ్చేసింది.

సాయంత్రం కొట్టతను గిన్నెలో ఒక గుడ్డు పెట్టుకుని వచ్చాడు.

"కోస్తే లోపల ఉందమ్మా. దీని వెనక చిన్నవి ఇంకా వరసగా ఉన్నాయి. పెట్టే బాతును ఎందుకిచ్చారు?"

పిన్ని గుడ్డు అందుకుని, పోయి గూటి గొళ్ళెం మరోసారి లాగి చూసింది.

మర్నాడు చీకటుండగానే లేచి వంటింటి కిటికీ దగ్గర కాపు కాసింది. బాబాయి పాత ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చి గొళ్ళెం తీశాడు. షిఫ్టు అయిపోయింది, పదండి పదండి అంటూ బాతుల్ని కాలవలోకి వదిలాడు. కాసేపాగి అన్నిటినీ లోపలికి తోలి, గొళ్ళెం వేసి, లాగి మరీ చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ గొళ్ళేన్ని చూసుకునే పిన్ని ధైర్యంగా ఉంది.

ఆమె కాలవలోకి దిగి బురదలో చేయి పెట్టింది. గుడ్ల మీద గుడ్లు తగిలాయి. కుళ్ళినదొకటి చేతిలోనే పగిలింది. బాబాయి గట్టు మీద నిలబడి గూటివైపు చూస్తూ అడిగాడట.

"పెద్దకోడలు డ్యూటీకి రాలేదేం?"

"సెలవు పెట్టింది" అంది పిన్ని.

ఆ మాట నాతో చెప్పి, పెట్టే బాతును చంపించానే అని ఏడ్చింది. బాతు కోసమే ఏడుస్తోందనుకోవడానికి నేనేం చిన్నపిల్లను కాను.

ఇప్పుడు రాత్రిళ్ళు బాబాయి గదికి బయట తాళం పడుతోంది. కూతురికి చెప్పొద్దని పిన్ని నా చేత ఒట్టు వేయించుకుంది. బాతులు మళ్ళీ గూట్లోనే పెడుతున్నాయి. తెల్లవారుజామున గోడ అవతల ఆయన తలుపు తట్టడం నాకు వినిపిస్తుంది. కోపంగా కాదు, ఎంతో మర్యాదగా తడతాడు.

"తాళం ఎవరి దగ్గరుందో కాస్త చూడండమ్మా. బయట జనం నిలబడి ఉన్నారు."

కట్టుకున్న పెళ్ళాన్ని ఆయన అండీ అంటుంటే, పిన్ని వింటూనే గుడ్లు ఏరుకుంటుంది. ఎండ గోడెక్కాక ముందు బాతులకు తీస్తుంది, తర్వాత ఆయనకు తీస్తుంది.