పురుగుల సారు

భిక్షపతితో నేనన్న ఒక్క మాటను వెనక్కి తీసుకోగలిగితే ఇదంతా రాసేదాన్ని కాదు. నా నోరు మంచిది కాదని మా బడిలో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్లుగా టీచరును, అరవడం అలవాటైపోయింది.

మొఘల్‌పురాలో మా బడి వెనక సందు చివర ఒక ట్రస్టు వాళ్ల జాగా ఉంది. రెండు గదులు, ఒక వేపచెట్టు, పది మంచాలు పట్టేంత మట్టినేల. గేటు మీద 'ప్రకృతి కేంద్రం' అని బోర్డు. పేరు చూసి ఏదో అడవి అనుకుని వచ్చినవాళ్లు పెదవి విరిచి పోతారు. కానీ ఆ చుట్టుపక్కల అన్ని సందులూ సిమెంటే. పిల్లల కాలికి మట్టి తగిలేది అక్కడొక్కచోటే.

భిక్షపతి అక్కడ కాపలాదారు, తోటమాలి, పాఠం చెప్పే మనిషీ తనే. అంతకుముందు ముప్పై ఏళ్లు పత్తర్‌గట్టి నుంచి నయాపూల్ దాకా రోడ్లు ఊడ్చాడు. అన్నేళ్లూ దుకాణాల వాళ్లకు అతను 'ఏయ్', 'అరే' మాత్రమే. రిటైరయ్యాక ఇక్కడ చేరాడు. ఎండాకాలం పిల్లల చేత పిట్టలకు నీళ్ల చిప్పలు పెట్టించేవాడు. బతుకమ్మకు ముందు గునుగు ఏదో తంగేడు ఏదో చేతికిచ్చి చూపించేవాడు. చలికాలం ఆదివారాలు వేపచెట్టు మీద వాలే పిట్టల్ని లెక్కపెట్టించేవాడు. అయితే పిల్లలు ఏడాదంతా ఎదురుచూసేది మాత్రం ఆరుద్ర కార్తెలో వచ్చే ఆదివారం కోసం.

తొలి వానలు పడ్డాక కొద్దిరోజులే ఆ మట్టిలోంచి ఆరుద్ర పురుగులు పైకొస్తాయి. ఎర్రగా, మఖ్మల్ గుడ్డ ముక్కల్లా, ఎంతో నిదానంగా నడుస్తాయి. ఉర్దూ మాట్లాడే పిల్లలు వాటిని బీర్‌బహూటీ అంటారు. చెప్పులు గేటు దగ్గరే విడవాలని భిక్షపతి కట్టడి. పురుగును అరచేతిలో పెట్టుకుని పది లెక్కపెట్టాలి, తీసినచోటే వదలాలి. అగ్గిపెట్టెలో దాచుకుంటే మళ్లీ ఏడాది దాకా గేటు లోపలికి రానివ్వడు. పిల్లలు అతన్ని 'పురుగుల సార్' అని పిలిచేవాళ్లు. మొదటిసారి అలా పిలిచిన రోజు నా దగ్గరికొచ్చి, "టీచరమ్మా, పోరగాండ్లు నన్ను సార్ అంటున్నరు" అని చెప్పి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

ఈ వేసవిలో ట్రస్టు పెద్ద విశ్వేశ్వర్ గారు ఆ నేలను సిమెంటు చేయించి బండ్ల పార్కింగు పెట్టాలనుకున్నారు. నేనూ భిక్షపతీ పోయి బతిమాలాం.

"గా మట్టిల ఏమున్నదని గింత లొల్లి?" అన్నారాయన. "సరే, మీ ఆరుద్ర ఆదివారం నేను గూడ వస్త. పిల్లలు ఏం చూస్తరో చూస్త. చూసినంక చెప్త."

శుక్రవారం మంచి వాన పడింది. శనివారం పొద్దున భిక్షపతి ఫోన్ చేశాడు. "వచ్చినయ్ టీచరమ్మా! ఏడు కనవడ్డయ్. రేపటికి మస్తు వస్తయి. మన జాగ ఎటు వోదు, ఫికర్ చెయ్యకు."

ఆదివారం పొద్దున నేను గేటు తీయగానే ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. దారికి రెండు వైపులా సున్నంతో తెల్లటి గీతలు. మట్టినేల మీద అంచు నుంచి అంచు దాకా బ్లీచింగ్ పౌడర్. మధ్యలో ఇస్త్రీ చొక్కా వేసుకుని భిక్షపతి నిలబడ్డాడు, మొహం వెలిగిపోతోంది.

"పెద్దసారు వస్తుండు గదా, నిన్న పొద్దుమూకంగ అంత సాఫ్ చేసిన," అన్నాడు.

పెద్దవాళ్లు వస్తున్నారంటే సున్నం గీతలు, బ్లీచింగ్ పౌడర్. ముప్పై ఏళ్లు చేసిన పని. చేతులు వాటంతటవే చేసేశాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. "పురుగులు బతుకుతయా దీంట్ల? ఎంతైనా నీ ఊడ్చే బుద్ధి పోలే గదా! నలుగురు పిల్లలు సార్ అంటే సార్ అయితవా నువ్వు?" అని అరిచాను.

అతను నేలను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. మెల్లగా మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో మట్టిని గీకడం మొదలుపెట్టాడు. పై పొర ఎత్తిపోశాడు. బకెట్లతో నీళ్లు తెచ్చి గుమ్మరించాడు. ఆ నీళ్లతో మందు ఇంకా లోపలికి దిగింది. అది గ్రహించి ఆగిపోయి, మళ్లీ లేచి, వేరే మట్టిలో ఎక్కడైనా దొరుకుతాయేమోనని గోరీలుండే ఖబరస్తాన్ దాకా పరుగెత్తాడు. గంట తర్వాత ఉత్త చేతులతో వచ్చాడు. గోళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు కనిపిస్తోంది. "బతికింది ఒక్కటన్న దొరకలే టీచరమ్మా. ఒక్కటన్న," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తప్పయిందన్న మాట మాత్రం నోట రాలేదు.

పదింటికి నలభైమంది పిల్లలు చెప్పులు గేటు దగ్గర విడిచి, అడుగులో అడుగు వేస్తూ వచ్చి వరుసగా కూర్చున్నారు. విశ్వేశ్వర్ గారు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పిల్లలు వంగి నేలను వెతికారు, చాలాసేపు. ఎవరికీ ఏమీ కనిపించలేదు.

భిక్షపతి అరచెయ్యి చాపాడు. పొద్దున గీకిన మట్టిలో దొరికిన చచ్చిన పురుగు ఒకటి ఉందందులో. ఎరుపు పోయి మాసిన గుడ్డపేలికలా ఉంది.

"ఇగ గిదే ఉన్నది బిడ్డా. నేనే సంపిన," అన్నాడు. "గీ తెల్ల పౌడర్ సల్లి సంపిన. మీ గల్లీలల్ల ముప్పయ్ ఏండ్లు సల్లిన. ఎన్ని సచ్చినయో నాకు తెల్వది."

విశ్వేశ్వర్ గారు లేచి, సున్నం గీతల వెంట గేటు దాకా నడిచి, వెనక్కి తిరిగారు. ఆయన మొహంలో కోపం లేదు, సంతోషంగానే ఉన్నారు.

"జాగ మాత్రం మస్తు సాఫ్ ఉంచినవ్ భిక్షపతీ. పార్కింగ్ అయినంక గూడ ఊడ్వనీకె మనిషి కావాలె. నీ పనికేం ఫికర్ లేదు, నువ్వే ఉండు," అని భుజం తట్టి వెళ్లిపోయారు.

పిల్లలు ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. రెండో తరగతి సాయిప్రియ మాత్రం వెనక్కి వచ్చి అతని చొక్కా పట్టుకుని లాగింది.

"సార్, రేపొస్తే కనవడ్తయా సార్?"

భిక్షపతి ఆ పాప చేతిని మెల్లగా విడిపించాడు. నా వైపు చూడలేదు.

"నన్ను సార్ అనకు బిడ్డా," అన్నాడు. "నేను ఊడ్చెటోణ్ణి."