లిడియా హార్లో తొలికాన్పు

ఒరిగిన సమాధిరాయికి పసుపుపచ్చ చీటీ కట్టి చాలా రోజులైంది. వారసులెవరూ రాకపోతే రాయిని నేలమీద పడుకోబెట్టేస్తామని చర్చివాళ్ళు అందులో రాశారు. గడువు ఆ రోజుతో సరి. ఇంగ్లండులో బేసింగ్‌స్టోక్ శివారులోని ఆ చర్చి పెరట్లోకి డాక్టర్ అచ్యుత్ వచ్చేసరికి, ఇద్దరు పనివాళ్ళు వ్యాన్లోంచి గొలుసులు దించుతున్నారు.

ఆ రాయి లిడియా హార్లోది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టి, బట్టల మిల్లులో పనిచేసి, జాన్ అనే ఇంగ్లీషు వడ్రంగిని కట్టుకుని ఓడెక్కింది. ఈ ఊళ్ళో బట్టలు కుడుతూ బతికి, నూట నలభై ఏళ్ళ కిందట పోయింది. ఈ కూపీ అంతా లాగింది అచ్యుత్ భార్య ప్రభావతి. ఏదీ రాసిపెట్టేది కాదు, అన్నం దగ్గర చెప్పేది. "అంత సముద్రం దాటొచ్చిన మనిషండీ, ఎవరూ లేనట్టు పడుంది."

ప్రభావతి ఫిబ్రవరిలో పోయింది. ఈ రాయి కూడా పడిపోతే ఆమె మాటల్లో ఇక మిగిలేదేమీ లేదనిపించింది అచ్యుత్‌కి.

"మీ వాళ్ళా, సార్?" అన్నాడు పెద్ద పనివాడు.

"కాదు. కొంచెం ఆగండి."

"టీ తాగేదాకా ఆగుతాం. ఆ పైన మా చేతుల్లో లేదు."

ఫోన్ మోగింది. కూతురు నిఖిత.

"నాన్నా, ప్లీజ్, ఇంటికెళ్ళు. ఇట్స్ జస్ట్ ఎ స్టోన్."

"మీ అమ్మ వెతికిన మనిషే ఇది."

"ఐ నో. బట్ అమ్మ నెవర్ ఫౌండ్ ద బేబీ."

నిజమే. రాయి మీద 'ప్రియమైన తల్లి' అని ఉంది. ఆ బిడ్డ కోసం ప్రభావతి ఏళ్ళ తరబడి మసాచుసెట్స్‌లోనే వెతికించింది. "తొలికాన్పుకి పుట్టింటికి పోకుండా ఉంటుందా ఎవరైనా?" అని వాదించేది.

అచ్యుత్‌కి ఇప్పుడు తట్టింది. తన తొలికాన్పుకి ప్రభావతి మాత్రం ఏ పుట్టింటికి పోయింది? తెనాలి ప్రయాణం డాక్టర్లు వద్దన్నారు. వాళ్ళమ్మకి వీసా రాలేదు. ఆ రోజు తను డ్యూటీలో ఉన్నాడు. ఆమె ఒక్కతే నొప్పులు పడింది. తనకు దక్కని పుట్టింటిని లిడియాకి ఇచ్చేసింది పిచ్చిది.

"నిఖితా, ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. నీలాగే."

పనివాళ్ళు కప్పులు పక్కన పెట్టారు. ఇక్కడ పుట్టిన పిల్ల ఇక్కడే ఎక్కడో ఉండాలనుకుంటూ, అచ్యుత్ వెనక వరస రాళ్ళని కప్పేసిన ఐవీ తీగల్ని చేతులతో పీకడం మొదలుపెట్టాడు. గోళ్ళలో మట్టి దిగింది. వెనక గొలుసు చప్పుడు. మూడో రాయి మీద అక్షరాలు తేలాయి: రూత్ పెటిట్. జాన్, లిడియా హార్లోల కుమార్తె.

పెటిట్! తన క్లినిక్‌కి ప్రతి శీతాకాలం దగ్గుతో వచ్చే ముసలావిడ! నంబరు నొక్కాడు.

"మీ ఆయన తరఫు ముత్తవ్వల్లో రూత్ అని ఉందా, మిసెస్ పెటిట్?"

"మా ఆయన తాతకి అమ్మ. ఏం, డాక్టర్, ఆవిడకీ దగ్గొచ్చిందా?"

"ఆవిడ తల్లి లిడియా సమాధిరాయిని పడగొట్టేస్తున్నారు, వారసులు కావాలి. వెంటనే చర్చికి రండి. ఇప్పుడే."

రాయికి గొలుసు చుట్టేశారు. అచ్యుత్ దానిమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. "సార్, దెబ్బ తగులుతుంది" అని అరిచాడు పనివాడు. ఆయన కదల్లేదు.

చిన్న ఎర్ర కారు గేటుకు అడ్డంగా ఆగింది. ముసలావిడ చేతికర్ర ఊపుతూ దిగింది. "ముట్టుకోకండి! మా మనిషి!" పనివాడు గొలుసు వదిలాడు.

ఆవిడ వగరుస్తూ రాయి చూసింది. "ఎవరు డాక్టర్, ఈ లిడియా?"

అచ్యుత్ రాయి మీంచి చెయ్యి తీశాడు. అన్నం దగ్గర ప్రభావతి మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాడు.

"అంత సముద్రం దాటొచ్చిన మనిషండీ..."