పదమూడో ఎక్కం

నిన్న మావారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే మా ఊరు కాపెల్ దాటగానే హైవే మీద పక్కగాలి మొదలైంది. టెక్సస్ గాలి సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, స్టీరింగ్ ఎంత గట్టిగా పట్టుకున్నా కారు పక్క లేన్‌లోకి జరిగిపోతూనే ఉంటుంది. ఈమధ్య ఆయనకి మతిమరుపు ఎక్కువై కారు తాళాలు నా చేతికొచ్చాయి, వాటితోపాటు భయమూ వచ్చింది. నేనలా బిగుసుకుపోయి డ్రైవ్ చేస్తుంటే, పక్క సీట్లో ఆయన మెల్లగా పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు అని మొదలుపెట్టారు. పొద్దున ఇడ్లీ తిన్నారో లేదో గుర్తులేని మనిషికి ఇదెక్కడ దాగి ఉందో నాకు తెలుసు.

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా కొత్త కాపురం రోజుల్లో ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు. కార్లు చేసే మనిషికి సైకిలు పిచ్చి ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక వేసవిలో ఆఫీసువాళ్ళంతా గుంపుగా కొలరాడో కొండల మీదుగా సైకిళ్ళ మీద వెళ్దామనుకుంటే, ఈయన అందరికంటే ముందు చెయ్యెత్తడమే కాకుండా, నాకు సైకిలు రాదని ఇద్దరు తొక్కే పొడుగాటి సైకిలొకటి కొనుక్కొచ్చారు. దానికి తిప్పడమూ ఆపడమూ ముందు కూర్చున్నవాళ్ళ పని, వెనకవాళ్ళకి తొక్కుడు మాత్రమే. నాకూ ఒక హ్యాండిలుంది గానీ అది కదలదు, పట్టుకోవడానికే. ఎదురుగా కనిపించేదల్లా మొగుడి వీపు. సంసారంలో ఇలా కూర్చున్నది చాలదా అని సణిగాను గానీ, వెళ్ళాను.

ఎక్కుడు ఎలాగో ఆపసోపాలు పడుతూ ఎక్కాం. అసలు భయం దిగుడులో. ఒకపక్క నిటారుగా కొండ, రెండోపక్క ఏమీ లేదు, కనీసం ఒక కమ్మీ అయినా లేదు. లోయలో చెట్లు కొత్తిమీర కట్టల్లా కనిపిస్తున్నాయి. దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క శ్లోకం నోటికి రాలేదు. చిన్నప్పుడు మా నాన్నగారు గోడ దగ్గర నిలబెట్టి అప్పచెప్పించుకున్న పదమూడో ఎక్కం మాత్రం వచ్చింది. కళ్ళు మూసుకుని గట్టిగా అదే చదువుతూ పోయాను, అయిపోతే మళ్ళీ మొదటినుంచి.

ఒక మలుపులో కొండ చాటు తప్పేసరికి గాలి పక్కనుంచి ఒక్క తోపు తోసింది. సైకిలు రోడ్డు మధ్య పసుపు గీత దాటి అవతలికి పోయింది, ఎదురుగా ట్రక్కు హారన్. కళ్ళు తెరిచి చూసి, ఆర్ల దగ్గర నా నోరు పడిపోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడాయన వెనక్కి తిరగకుండానే, గాలిని మించి అరిచారు, "ఏడ్లెంత?" అని. నాకు ఒళ్ళు మండి, "తొంభై ఒకటి" అని నేనూ అరిచాను. ట్రక్కు మమ్మల్ని ఊపేస్తూ పక్కనుంచి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి కిందికి దిగేదాకా ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను.

కిందికొచ్చాక కంకరలో కూలబడి ఏడ్చాను. నేను చస్తుంటే మీకు లెక్కలు కావలసొచ్చాయా అని దులిపేశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "వెనక్కి తిరిగితే ఇద్దరం పోతామోయ్. నువ్వున్నావో పడిపోయావో నాకెలా తెలుస్తుంది మరి?" అన్నారు. తక్కినవాళ్ళు మేమేదో మంత్రం చదివామనుకున్నారు, అనుకోనీ అని ఊరుకున్నాం.

ఆ సైకిలు మిషిగన్ వదిలి వచ్చేటప్పుడు ఎవరికో ఇచ్చేశాం. ఇప్పటివాళ్ళు హెల్మెట్లలోనే మైకులు పెట్టుకుని, అంత గాలిలోనూ హాయిగా మాట్లాడుకుంటారట. మాకు ఆ ఎక్కమే దిక్కైంది.

నిన్న ఆయన పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది దాకా వచ్చి ఆగిపోయారు. పక్క లేన్‌లో పెద్ద ట్రక్కు, గాలికి కారు ఊగుతోంది, తల తిప్పి ఆయన మొహం చూడటానికి వీల్లేదు. ఆ రోజు కొండ మీద ఆయన ఎంత భయపడ్డారో నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఏడ్లెంతండీ?" అని అడిగాను.

స్టీరింగ్ తిప్పి కారుని మళ్ళీ లేన్ మధ్యకి లాక్కొచ్చాను.

"ఎనభై తొమ్మిది" అన్నారు.

లెక్క తప్పు. నేను దిద్దలేదు. ఎనిమిదులెంత అని అడిగాను.