ఆదివారం ఎవరూ పీకని ఫ్యూజులు

నిరుడు మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, తోటపల్లి గూడూరు దగ్గర మా బావగారి రొయ్యల గుంట గట్టు మీద కూర్చుని ఉండగా మోటారు షెడ్డులో బల్బు వెలిగింది. పట్టపగలు కాబట్టి ఆ వెలుగును ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం చూశాను. అప్పటికి ఎమ్మా గుంటలో నడుము లోతు నీళ్లలో ఉంది. ఆమె వెనకే మా అబ్బాయి జోయెల్ చెప్పులు విడిచి గట్టు దిగుతున్నాడు.

నేను ఒక ఆక్వా ల్యాబులో పనిచేస్తాను. రైతులు సీసాల్లో తెచ్చే గుంట నీళ్లలో అమ్మోనియా, ఆల్కలినిటీ చూడటం, రొయ్యలకు జబ్బు అంటిందేమో పీసీఆర్ పరీక్షతో తేల్చడం నా పని. పీసీఆర్ అంటే కంటికి కనపడని వైరస్ జాడను లక్షల రెట్లు పెంచి పట్టుకునే పద్ధతి. ఎమ్మా డెన్మార్క్ నుంచి ఇంటర్న్‌గా మా దగ్గరికి వచ్చింది. అక్కడ చేపల పెంపకం చదువుతోంది. ఉండటానికి మా మేడ మీద గది ఇచ్చాం.

వచ్చిన కొత్తలో ఆమె పద్ధతి మా ల్యాబులో అందరికీ వింతగా ఉండేది. పొద్దున తొమ్మిదికి తెల్ల కోటు వేసుకుంటే మళ్లీ తల ఎత్తేది కాదు. సాయంత్రం ఐదవగానే కోటు విప్పి కొక్కేనికి తగిలించి, సైకిలెక్కి వెళ్లిపోయేది. మావాళ్లు వెనక నవ్వుకునేవారు. నెల తిరిగేసరికి, మేము కబుర్లతో కలిపి రాత్రి దాకా లాగే పని ఆమె ఆ కాసేపట్లోనే ముగిస్తోందని అర్థమై నవ్వడం మానేశారు. శని, ఆదివారాలు ఫోను కూడా ఎత్తేది కాదు. విడవలూరు వైపు సైకిలు మీద పోయేది, మైపాడులో సముద్ర స్నానం చేసేది. ఆమె తిరిగొచ్చేదాకా నాకు అన్నం సయించేది కాదు. నాకేమో చర్చిలో ప్రసంగం జరుగుతుండగా కూడా రైతుల ఫోన్లు వచ్చేవి. గుంట నీళ్లు రంగు మారాయనో, రొయ్యలు పైకి తేలుతున్నాయనో చెప్పేవారు. ఒకసారి నేను చర్చి బయటికొచ్చి మాట్లాడుతుంటే చూసి, మీకు అసలు సెలవంటూ ఉందా అని ఎమ్మా అడిగింది. రొయ్యలకు లేదు కాబట్టి నాకూ లేదన్నాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక బావగారు మమ్మల్ని గుంట దగ్గరికి భోజనానికి పిలిచారు. షెడ్డు పక్కన కట్టెల పొయ్యి మీద రొయ్యల పులుసు ఉడుకుతోంది. పిల్లలూ ఎమ్మా గట్టు మీద బంతి ఆడుతున్నారు. నేను నిమిషానికోసారి జాగ్రత్త జాగ్రత్త అంటుంటే బావగారు ఎమ్మాకు వచ్చీరాని ఇంగ్లీషులో, మిగతా అందరికీ తెలుగులో చెప్పారు.

"మా తమ్ముడి పెళ్లాం సముద్రం ఫొటో చూసినా పిల్లోళ్ల చెయ్యి పట్టుకుంటాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కరెంటు పోయి అప్పటికి చాలాసేపయింది. గుంటలో ఏరియేటర్లు ఆగి ఉన్నాయి. ఇవి తెడ్లు తిప్పుతూ నీళ్లను చిలికి రొయ్యలకు గాలి అందించే యంత్రాలు. ఎండపూట నీళ్లలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది కనుక ఎవరూ జనరేటరు వేయలేదు. బంతి ఎగిరి గుంటలో పడి ఒక ఏరియేటరు దగ్గరికి తేలిపోయింది. ఎమ్మా దానికోసం నీళ్లలోకి దిగింది.

మా వైపు గుంటలన్నిటికీ ఆటో స్టార్టర్లు ఉంటాయి. కరెంటు వచ్చాక కొన్ని క్షణాలు ఆగి, మనిషి అవసరం లేకుండా అవే ఏరియేటర్లను తిప్పుతాయి. రాత్రి కాపలా మనిషి నిద్రపోయినా రొయ్యలు బతకాలని పెట్టుకున్న ఏర్పాటు అది. అందుకే ఒక కట్టుబాటు కూడా ఉంది. ఎవరు నీళ్లలో దిగాలన్నా ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి.

బల్బు వెలిగిందంటే కరెంటు వచ్చింది. అరుద్దామంటే నా నోటికి తెలుగు తప్ప రావడం లేదు. అరిస్తే ఎమ్మా అర్థంకాక అక్కడే నిలబడిపోతుంది. లేచి షెడ్డులోకి పరిగెత్తాను. మెయిన్ హ్యాండిల్‌ను రెండు చేతులతో కిందికి లాగాను. స్టార్టరు పెట్టె చెవి దగ్గరే ఉంది. ఏరియేటర్లకు కరెంటు వదిలేటప్పుడు అది టక్కుమంటుంది, ఆ చప్పుడు ఇంకా రాలేదు. మూడు ఫ్యూజులూ పీకి గుప్పిట్లో పట్టుకుని బయటికొచ్చాను. జోయెల్ మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నాడు.

"ఏందమ్మా ఆ పరుగు? పులుసు మాడతా ఉందా?" అన్నారు బావగారు. నా గుప్పిట చూశాక గట్టు దిగారు. పిల్లవాడిని రెక్క పట్టి పైకి లాగి, ఎమ్మాను చేత్తో పిలిచారు. ఆమె పైకి వచ్చాక తనే కర్రతో ఏరియేటరు వైరును ఒడ్డుకు లాగి చూశారు. అతుకు మీద చుట్టిన టేపు ఊడి, రాగి తీగ బయటికి కనిపిస్తోంది. అది ఎమ్మా నిలబడిన చోటే నీళ్లలో మునిగి ఉంది.

ఆయన గట్టు మీద గొంతుక్కూర్చున్నారు.

"పనోళ్లు దిగితే నేనే పీకి జేబులో యేసుకుంటా. ఏ రోజూ మరిచింది లేదు. ఇయ్యాల పని లేదు గదా," అన్నారు.

నేను ఎమ్మాకు ఇంగ్లీషులో విషయం చెప్పాను. ఫ్యూజుల రూలు తనకు తెలుసని ఆమె అంది. మొదటి వారంలో శాంపిళ్ల కోసం వచ్చినప్పుడు బావగారు ఫ్యూజులు తీసి చూపించారట.

"అది పని రూలు అనుకున్నానక్కా. ఇవాళ నాకు సెలవు కదా."

బావగారూ ఎమ్మా అన్నది ఒకటే మాట. ఒకరు ఎప్పుడూ సెలవు ఎరగని మనిషి, ఇంకొకరు సెలవును గీత గీసి కాపాడుకునే మనిషి. ఇద్దరూ పని బట్టలతో పాటు జాగ్రత్తను కూడా విప్పి పక్కన పెట్టారు. నీళ్లలో రోగం వెతకడమే నా ఉద్యోగమైనా, బంతి పడ్డప్పుడు నేనూ కూర్చునే ఉన్నాను. బల్బు వెలిగేదాకా నాకూ ఆ సంగతి తట్టలేదు. పని చోట ఆడుకోవడానికి వచ్చినా అది పని చోటే. ఈ సంఘటన నాకు నేర్పింది అదే. ఇప్పుడు ల్యాబుకు కొత్తగా ఎవరొచ్చినా మొదట ఆ సెలవు రోజు సంగతి చెబుతున్నాను.

మర్నాడు పొద్దున బడికి తయారవుతూ జోయెల్, గుంటలోనే ఉండిపోయిన బంతిని ఎవరు తెస్తారని అడిగాడు. వాడి చెల్లెలు స్నేహ నా కొంగు పట్టుకుని, నిన్న ఎందుకు ఏడ్చినావమ్మా అంది. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"బంతి పోతే పోనీండి. గుంటలో ఎవరన్నా దిగుతా ఉంటే, ఫ్యూజులు ఎవరి జేబులో ఉండాయని అడగండి. పెదనాన్నను కూడా అడగండి, పండగ రోజైనా అడగండి. వాళ్లు నవ్వితే నవ్వనీండి. తీసి కంటికి చూపించిందాకా మాత్రం దిగనియ్యొద్దు, మీరూ దిగొద్దు."