డ్వేన్ వాళ్లమ్మ

శనివారం పొద్దున ఏడింటికి వెర్నా నీలం ట్రక్కు మా సరస్సు పార్కు గేటు దగ్గర ఆగాల్సిందే. డెబ్బై రెండేళ్లు, అరిగిన మోకాళ్లు. చెయ్యి అందిస్తే మాత్రం కసురుతుంది. ఫ్లాస్కులో కాఫీ, కాగితంలో చుట్టిన రొట్టె, కొడుకు డ్వేన్ గాలం, అంతే సామాను. డ్వేన్ సైన్యంలో చనిపోయి పద్దెనిమిదేళ్లయింది. అలాంటి ఇళ్లవాళ్లకి రాష్ట్రం తన పార్కుల్లోకి ఉచితంగా వెళ్లే కార్డు ఇస్తుంది. ఆమె దాన్ని కిటికీలోంచి చాపితే పాత గేటు మనిషి, "ఏం డ్వేన్ వాళ్లమ్మా, ఇవాళైనా చేప పడుద్దా?" అనేవాడు. ఆ మాట విన్నాకే బండి కదిలేది. వారం మొత్తంలో ఆ పేరు ఇంకెవరి నోటా వినపడదు మరి.

అతను రిటైరయ్యాక గార్విన్ అనే కొత్తాయన వచ్చాడు. మొదటి శనివారమే కార్డు సగం చూసి, ట్రక్కులోకి తొంగిచూసి, "సైనికుడు బండిలో ఉంటేనే ఉచితమమ్మా. ఆయనేడీ?" అన్నాడు. అది బతికున్న మాజీ సైనికుల కార్డుకి రూలు, రెండూ కలిపేశాడు. వెనక బండిలోంచి పక్కింటి లాయిడ్ అరిచాడు: "టికెట్టు కొనుక్కుని పోవే వెర్నా, చేపలు ముసలివైపోతున్నాయి!"

"నీకంటేనా?" అని కసిరి, ఆమె గార్విన్ వైపు తిరిగింది. "వాడు బండిలో ఉంటే ఈ కార్డు నాకెందుకిస్తారయ్యా? మొత్తం చదువు. పైకి చదువు." అతను చదివాడు. డ్వేన్ పేరు దగ్గర గొంతు తగ్గింది, చెవులు ఎర్రబడ్డాయి.

ఇప్పుడు నీలం ట్రక్కు మలుపు తిరగ్గానే గార్విన్ గేటెత్తి నిలబడతాడు. అయినా వెర్నా బండి ఆపుతుంది. కార్డు చాపి, "రండి, డ్వేన్ వాళ్లమ్మగారూ" అనిపించుకున్నాకే లోపలికి పోతుంది.