చెవి బిళ్ళలు

బహదూర్‌పురాలో నాలా పక్కన మా ఇల్లు, ఇంటి వెనక బర్రెల కొట్టం ఉండేవి. తాత కాలం నుంచి మాది పాల వ్యాపారమే. ఒకసారి దొంగలు తాళ్ళు కోసి బర్రెను తోలుకుపోయాక బాపు అన్నిటికీ ఇనుప గొలుసులు వేయించాడు.

నేను డిగ్రీ చదువుతున్న ఏడు, ఇక వానలు పోయాయనుకున్న రోజుల్లో, ఎగువన చెరువు కట్ట తెగి నీళ్ళు మా గల్లీలోకి వచ్చాయి. సాయంత్రం పాలు పిండే వేళ. నడుము లోతు నీళ్ళలో బాపు ఒక్కొక్క గొలుసూ విప్పి ఇస్తుంటే, నేనూ అమ్మా బర్రెలను మెయిన్ రోడ్డు మీదికి తోలాం. చివర ఉన్న రెండూ బెదిరి వెనక్కి గుంజడంతో వాటి గొలుసులు బిగుసుకుపోయాయి. బాపు మునిగి మునిగి వెతికినా కొక్కేలు ఊడలేదు. పక్క కొట్టం భాయ్ వచ్చి ఆయనను బలవంతంగా బయటికి లాక్కొచ్చాడు.

నీళ్ళు తీశాక చూస్తే రెండూ కట్టేసిన చోటే ఉన్నాయి. ఒకటి మా కొట్టంలోనే పుట్టింది. దాని మొదటి ఈతకు అమ్మ రాత్రంతా పక్కన కూర్చుంది.

భాయ్ బర్రెలూ కొన్ని చనిపోయాయి. కళేబరాలు తీసుకుపోయే మున్సిపాలిటీ లారీ వచ్చేసరికి ఆయన మా దగ్గరికి వచ్చాడు. మా బర్రెల చెవులకు పశువుల దవాఖాన వాళ్ళు వేసిన పసుపురంగు నంబరు బిళ్ళలు చూపించి, మెల్లగా అన్నాడు.

“అన్నా, బిళ్ళతోని చెవులు కోసి పెట్టుకో. రేపు పైసలియ్యాలంటే సర్కారోళ్ళు సబూత్ అడుగుతరు. నీతోని కాకుంటే నువ్వు అటు జరుగు, నేను కోస్త.”

ఫొటో తీద్దామంటే మావీ, భాయ్‌వీ ఫోన్లు నీళ్ళలో పోయాయి. ఉన్నవాటినైనా సాకాలి కదా, కోయనివ్వమని అమ్మ కూడా అంది. బాపు తల అడ్డంగా ఊపాడు.

“వాటి పాల మీద బతికినం. సచ్చినంక చెవులు గోస్తనా?”

రెండిటికీ పసుపు కుంకుమ పెట్టి లారీ ఎక్కించాడు.

కొన్ని రోజులకు పశువుల డాక్టరు, రెవెన్యూ వాళ్ళు వచ్చారు. భాయ్ సంచిలోంచి చెవులు తీసి చూపించి నష్టపరిహారం జాబితాలో తన పేరు రాయించుకున్నాడు. మా బర్రెలు చనిపోవడం కళ్ళారా చూశానని తనే సాక్ష్యం చెప్పాడు. డాక్టరు అంతా ఓపికగా విన్నాడు. నమ్ముతున్నానని, కానీ ఆనవాలు లేకుండా రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరని బాపు భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. ఇల్లు మునిగినందుకు ఇచ్చే సాయం మాకూ వచ్చింది. బర్రెలకు రాలేదు.

గడ్డి కొనలేక మిగిలినవాటిని ఒక్కొక్కటిగా అమ్మేశాం. సాయం అందాక భాయ్ కొత్త బర్రెలు తెచ్చి, ఒకటి మా కొట్టంలో కట్టుకోమన్నాడు. పాలు చెరిసగం పంచుకుందామన్నాడు. బాపు ఒప్పుకోలేదు. భాయ్ మళ్ళీ అడగలేదు. తర్వాత ఆయన కొట్టాన్ని ఊరి బయటికి మార్చుకున్నాడు. మా కొట్టంలో ఇప్పుడు ఎవరివో అట్టపెట్టెలు ఉంటాయి. బాపు హుస్సేనీ ఆలంలో పాలప్యాకెట్ల దుకాణం పెట్టుకున్నాడు.

మొన్న నేను ఇంటికి వెళ్ళినప్పుడు టీవీలో ఎక్కడివో వరదలు చూపిస్తున్నారు. నీళ్ళలో ఈదుతున్న పశువులను చాలాసేపు చూసి, బాపు అమ్మతో అన్నాడు.

“ఆ పొద్దు నీ మాట ఇనాల్సుండె. సచ్చినవాటి కోసం చూసుకొని, బతికినవాటిని నేనే కటికోళ్ళకు అమ్ముకున్న.”

కటికవాళ్ళకు అమ్మాడని నాకు అప్పటిదాకా తెలియదు. పెంచుకునేవాళ్ళే కొన్నారని మాకు చెప్పాడు. అమ్మకు తెలుసేమో, ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

“నేను గూడ ఇంకింత గట్టిగ చెప్పకపోతి” అంది.

బాపు టీవీ ఆపేసి, దుకాణం తెరిచే వేళైందని చెప్పులు వేసుకున్నాడు.