ఒక పూట అరుగు

నాకు పరాయి దేశం రెండుసార్లు ఎదురైంది. పెళ్లయిన కొత్తలో మస్కట్ మొదటిది. ఇరవై ఏళ్లు దాటాక అక్కడి ఉద్యోగం చాలించుకుని మా ఆయన నన్ను తెచ్చి దింపిన ఈ ఊరు రెండోది. బేస్తవారిపేటలో బస్సు దిగి ఆటో ఎక్కితే వస్తుంది. నేను పుట్టి పెరిగింది చీరాలలో, కాపురం చేసింది నాలుగో అంతస్తులో. మట్టి మిద్దె కింద ఒక్క రాత్రి కూడా పడుకున్నదాన్ని కాదు. మా ఆయన మేనత్తకు పిల్లలు లేరు, పోతూ పోతూ ఇల్లు మేనల్లుడికి రాసిపోయింది. ఆయన సొంతూరు చంద్రశేఖరపురం దగ్గరే అయినా అక్కడ ఆయనకంటూ ఏమీ మిగల్లేదు. ఉంటే ఇక్కడే ఉందామన్నాడు. ఫోటోలో ఇల్లు బాగుంది, సరేనన్నాను.

వచ్చాక తెలిసింది, ఫోటోకు చాలా సంగతులు తెలియవని. ఆ మిద్దె మీద ఏటా వానలకు ముందు చవుడు మన్ను పోయాలి, లేకపోతే వాన ఇంట్లోనే కురుస్తుంది. ద్వారబంధాలు పొట్టివి. నెల తిరిగేసరికి నా నుదుటికీ ఆ కొయ్యకూ బాగా స్నేహం కుదిరింది. బల్లులు, ఎలుకలు, పైకప్పు దంతెల సందుల్లోంచి అన్నంలోకి రాలే మట్టి. అన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకున్నానని మా ఆయనకు రోజూ చెబుతూ ఓర్చుకున్నాను.

ఓర్చుకోలేనిది అరుగు ఒక్కటే. ఇంటి ముందు ఈ మూల నుంచి ఆ మూల దాకా నాపరాళ్లు పరిచిన ఎత్తైన అరుగు. మిద్దె ముందుకు పొడుచుకుని ఉండడం వల్ల మూడు పూటలా నీడ. మొదటి రోజు పొద్దున తలుపు తీస్తే దాని మీద ఒక ముసలాయన గొంగడి పరుచుకుని పడుకుని ఉన్నాడు. పక్కన కర్ర, చద్దిమూట, గొర్రెల వాసన. నేను బిక్కచచ్చి చూస్తుంటే ఆయనే లేచి కూర్చుని, వాళ్లింటికి వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు, "లేసినావా కోడలా?" అన్నాడు.

పక్కింటాయన. గొర్రెలు మేపుకునే కుటుంబం. ఊళ్లో అందరూ మా ఆయనను మేనత్త తరఫున వరస పెట్టి పిలుస్తారు కాబట్టి నేను అందరికీ కోడల్ని. ఆయన నాకు మామ, ఆయన భార్య అత్త. ఈ మామ మధ్యాహ్నం అన్నం తిన్నాక మా అరుగు మీదే నడుం వాల్చేవాడు. అత్త అక్కడే కందులు చెరిగేది. ఆటో కోసం చూసేవాళ్లు అక్కడే కూర్చునేవాళ్లు. మా ఎదురింటాయన ఒకసారి ఎరువు బస్తాలు దించి, సాయంత్రం దాకా వాటి ఊసే ఎత్తలేదు. నన్నెవరూ అడగలేదు. పైగా నేను బయటికి వస్తే, "రా కూర్చో, ఏం కూర చేసినావ్?" అని నాకే చోటిచ్చేవాళ్లు.

మస్కట్‌లో మా తలుపుకు చిన్న అద్దపు కన్ను ఉండేది. ఎవరొచ్చారో చూసి, ఇష్టమైతే తీసేదాన్ని, లేకపోతే చప్పుడు చేయకుండా వంటింట్లోకి పోయేదాన్ని. ఆ అలవాటు రక్తంలో కలిసిపోయింది. ఇక్కడ పమిట సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వరు. "అది మన అరుగా, ఊరి బస్టాండా?" అని మా ఆయనను సతాయించాను. "మేనత్త ఉన్నప్పుడు కూడా అంతేనే. ఇక్కడ అట్లనే ఉంటారు," అన్నాడు. మస్కట్‌లో అంత చక్కగా మాట్లాడిన మనిషి, ఊరు చేరగానే యాస మార్చేశాడు. దానికీ నాకు కోపం వచ్చింది.

పట్టుబట్టి సీసీ కెమెరా పెట్టించాను. అరుగు మీద ఎవరు కదిలినా నా ఫోన్ మోగుతుంది. ఫోన్‌లో నేను మాట్లాడితే అక్కడ స్పీకర్‌లో వినపడుతుంది. అత్త దాన్ని కింద నుంచి చాలాసేపు చూసి, "ఏంది కోడలా, ఆ గుడ్డు?" అంది. దొంగల కోసమని చెప్పాను. "ఈడ దొంగలెత్తుకపోయేదానికి ఏముంది, మీ మామ చద్దిమూట తప్ప?" అని నవ్వింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నా పని అట్లాగే అయింది. వంటింట్లో కూర్చునే, "బీడీ కింద ఆర్పకండి", "మేకను అక్కడ కట్టకండి" అని ఫోన్‌లో అనేదాన్ని. మొదట్లో అందరూ ఉలిక్కిపడి నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు, తర్వాత కూర్చోవడమూ తగ్గించారు. నాకు హాయిగానే ఉంది, అబద్ధమెందుకు? అరుగు శుభ్రంగా కడిగి రెండు పూలకుండీలు పెట్టుకున్నాను. ఒక్క మామ మాత్రం మానలేదు. పొద్దున గొర్రెలు తోలుకుపోయే ముందు అరుగు దగ్గర ఆగి, కెమెరా వైపు తలెత్తి, "లేసినావా కోడలా? పోయొస్తా," అనేవాడు. నేను మంచంలో పడుకుని ఫోన్‌లో చూసి, జవాబు చెప్పకుండా పక్కకు తిరిగేదాన్ని.

పోయిన ఏడాది వానలు మొహం చాటేశాయి. మేత లేక మామ, ఇద్దరు కొడుకులు మందను పెద్దారవీడు వైపు, నల్లమల అడుగుకు తోలుకుపోయారు. అత్త ఒక్కతే ఇంట్లో ఉంది. మేత కోసం మగవాళ్లు నెలల తరబడి పోవడం వాళ్లకు మామూలే కాబట్టి, నేను ఆ సంగతి పట్టించుకోలేదు.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు నా కళ్లు చూపించుకోవడానికి మార్కాపురం వెళ్లాం. ఆస్పత్రిలో కళ్లలో చుక్కలు వేసి, కంటిపాప విచ్చుకునేదాకా కూర్చోమన్నారు. మా ఆయన టీ తాగొస్తానని బయటికి వెళ్లాడు. నా ఫోన్ మోగింది. తెరిచి చూస్తే అంతా అలుక్కుపోయినట్టు ఉంది. ఎవరో నలుగురైదుగురు వంగి, గుడ్డలో చుట్టిన పొడుగాటిదేదో మోసుకొచ్చి అరుగు మీద పెడుతున్నారు. నా పూలకుండీలు పక్కకు జరిపి ఉన్నాయి. మళ్లీ ఎవరివో బస్తాలు, ఇంట్లో లేమని తెలిసి మరీ దించుతున్నారు అనుకున్నాను. మీట నొక్కాను.

"ఎవరది? మా అరుగు మీద ఏం పెడుతున్నారు? మనుషులు లేని ఇల్లనుకున్నారా? ముందు తీయండి అక్కడి నుంచి."

వాళ్లు కదలకుండా నిలబడిపోయారు. ఒకరు తలెత్తి చూశారు. "తీయండంటుంటే," అని మళ్లీ అన్నాను. ఎత్తారు, దించారు, ఫోన్‌లోంచి పక్కకు వెళ్లిపోయారు. పక్కన కూర్చున్నావిడ నన్ను చూస్తుంటే, "ఇట్లా గట్టిగా ఉండకపోతే నెత్తికెక్కుతారండీ," అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇప్పుడు తలచుకున్నా చెవులు వేడెక్కుతాయి.

తప్పంతా కంటి చుక్కల మీదికి తోసేయడం సులువు. చాలామందికి అట్లాగే చెప్పుకున్నాను కూడా. కానీ కళ్లు బాగున్న రోజైనా నేను ముందు నోరే తెరిచేదాన్ని. నాకు ఆ సంగతి తెలుసు.

మా ఆయన వచ్చాక గొప్పగా చెప్పాను. ఆయన ఫోన్ తీసుకుని, జరిగిందంతా మొదటి నుంచి మళ్లీ చూశాడు. చూస్తూ చూస్తూ కుర్చీలో కూలబడ్డాడు. "అది బస్తా కాదే. మామ," అన్నాడు.

అడవి అంచున గొర్రెల దగ్గర ఉండగానే గుండె పట్టేసిందట. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి బయలుదేరితే దారిలోనే ప్రాణం పోయింది. కొడుకులు అదే ఆటోలో ఇంటికి తెచ్చారు. బయట పోయిన మనిషిని ఈ వైపు ఇంటి గడప దాటించరు. అరుగు మీద పడుకోబెట్టి, అక్కడి నుంచే సాగనంపుతారు. వాళ్లింటికి అరుగు లేదు, తలుపు తీస్తే వీధే. మేనత్త అత్తగారి కాలం నుంచీ వాళ్లింట్లో పోయినవాళ్లంతా మా అరుగు మీద నుంచే పోయారు. ఇదంతా మా ఆయన ఆ కుర్చీలో కూర్చునే చెప్పాడు. "నాకు తెలుసు. నీకు చెప్పాలని తోచలేదు," అన్నాడు. ఆయన మీద అరవాలనిపించింది. అరిచే మొహం నాకు లేదు.

కళ్లు చూపించుకోకుండానే బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. ఒకే ఒక్కసారి, "కాలు జారితే తీసుకోవచ్చు," అని మొదలుపెట్టి, మిగతాది అనకుండా ఊరుకున్నాడు. అనుంటే బాగుండేది. చుక్కలు వేసిన కళ్లకు ఎండ సూదుల్లా గుచ్చుకుంటుంటే, కొంగు మొహం మీదికి లాక్కున్నాను. ఏడుస్తున్నానని బస్సులో వాళ్లు అనుకుని ఉంటారు. నేను ఏడవలేదు, భయపడుతున్నాను. వీధిలోకి ఏ మొహంతో పోవాలా అని నా భయం. చూడండి, అప్పుడు కూడా నా గొడవే నాకు.

వీధి మొగలో ఆటో దిగాం. వాళ్ల గుమ్మం ముందు, ఎండలో, నేల మీద మామ ఉన్నాడు. నాలుగు కర్రలకు పట్టా కట్టి నీడ చేశారు. పట్టా చిన్నది, కాళ్ల మీద ఎండ పడుతోంది. కాళ్ల దగ్గర కూర్చున్న చిన్నకొడుకు తువ్వాలు అడ్డం పట్టుకుని ఉన్నాడు. నాలుగడుగుల అవతల మా అరుగు ఖాళీగా, చల్లగా ఉంది. ఆయన్ని పెట్టకముందు వాళ్లు దాన్ని కడిగినట్టున్నారు, రాళ్ల సందుల్లో ఇంకా తడి ఆరలేదు. జరిపిన పూలకుండీలను మళ్లీ ఎక్కడివక్కడ సర్ది పెట్టారు.

నన్ను చూసి ఆడవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. ఒక్కరు తిట్టి ఉంటే నాకు ఆసరాగా ఉండేది. అత్త పక్కన కూలబడి, "అత్తా, తెలియక అన్నాను. కళ్లు కనపడక అన్నాను. మామను అరుగు మీదికి చేర్చమని చెప్పు," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "ఇంగ కుదరదమ్మా. నేలకు దించినాక మళ్లీ ఎత్తకూడదు. పాడె మీదికే ఎత్తేది," అంది. మళ్లీ తనే, "నువ్వేం జేస్తావులే. నీకు తెల్వదు గదా. నీ ఇల్లు, నువ్వడిగినావు," అంది.

పెద్దకొడుకు మా ఆయనకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. "అడగకుండా పెట్టడం మాదే తప్పు బావా. తలుపు తాళం చూసి గూడా పెట్టినాం. నాయన ఎప్పుడూ ఆడ పండుకునేవాడు గదా, ఆ పొరపాటున పెట్టినాం." చనిపోయిన తండ్రిని ముందు పెట్టుకుని కొడుకు నా మాటకు క్షమాపణ చెబుతుంటే, నేను అక్కడే కూర్చుని విన్నాను. తల కొట్టేసినట్టయింది అనడం మనకు మామూలు మాట. ఆ రోజే దాని అర్థం తెలిసింది.

మూడు గంటలకు సాగనంపారు. మామ మా అరుగు ముందు నుంచే పోయాడు.

మరునాడు మా ఆయన నిచ్చెన వేసి కెమెరా పీకేశాడు. పూలకుండీలు నేను పెరట్లోకి చేర్చాను. తలుపు బార్లా తీసి కూర్చునేదాన్ని. దానివల్ల ఏమీ కాలేదు. ఆటో కోసం వచ్చేవాళ్లు ఎండలోనే నిలబడతారు. "రండి, కూర్చోండి," అని పిలిస్తే, "ఇప్పుడే వస్తదిలేమ్మా," అంటారు. కోడలా అనడం కూడా చాలామంది మానేశారు. ఎంతో మర్యాదగా "అమ్మా" అంటున్నారు. మస్కట్‌లో లాగే, నేను కోరుకున్నట్టే నన్ను నా మానాన వదిలేశారు. ఆ ఇంట్లో నేను కుదురుకున్నది ఆ రకంగా.

దినాలు అయిపోయి, కొడుకులు మళ్లీ మంద దగ్గరికి వెళ్లాక, ఒక సాయంత్రం అత్త వచ్చింది. అరుగు ఎక్కకుండా కింద నిలబడి పిలిచింది. చెయ్యి పట్టుకుని పైకి లాగితే, "ఈడ బాగుందిలే," అని మెట్టు మీద కూర్చుంది. నేనూ దిగి పక్కనే కూర్చున్నాను. ఆరోగ్యం, వానలు, గొర్రెలకు వచ్చిన జబ్బు మాట్లాడుకున్నాం. అసలు మాట నోట్లోనే తిప్పుకుంటోందని తెలుస్తూనే ఉంది. చిట్టచివరికి అడిగింది.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. నా పాణం గూడా ఏ ఆస్పత్రిలోనో పోతుందేమో, ఎవురికి తెలుసు? ఆ పొద్దు నన్ను ఈడ పండబెట్టుకోనిస్తావా? ఒక్క పూటే. నా కొడుకులకు నోరు రాదు అడిగేదానికి. అందుకే నేనే ముందే అడుగుతుండా."

తల ఊపాను.

"అట్ల గాదమ్మా, నోటితో చెప్పు. నీ నోటితో అన్నావని వాళ్లకు చెప్పుకోవాల."

"సరే అత్తా," అన్నాను.

మేనత్త కాలంలో ఈ మాట అడిగినవాళ్లూ లేరు, సరేనని సెలవిచ్చినవాళ్లూ లేరు. అత్త లేచి చీర దులుపుకుంది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద మనిషి, రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టి వెళ్లింది.